56 ఏళ్ళకే తుంటి మార్పిడి: ఇప్పుడే చేయించాలా, ఆగాలా?

కర్రీపాయింట్_కొడుకు:
అమ్మకు 56. విద్యానగర్‌లో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. పదిహేనేళ్ళుగా పొద్దున అయిదింటి నుంచి పొయ్యి దగ్గర నిలబడే పని ఆమెది. ఏడాది కిందట కుడి మోకాలు నొప్పి అంది. నూనెలు రాశాం, బెల్టు కొన్నాం, మోకాలికి ఎంఆర్ఐ కూడా తీయించాం. ఏమీ లేదన్నారు. చివరికి ఒక డాక్టర్ ఆమెను పడుకోబెట్టి, మోకాలు మడిచి కాలు పక్కకు తిప్పేసరికి అమ్మ మంచం పట్టీ పట్టుకుని కేక పెట్టింది. పోయింది మోకాలు కాదు, తుంటి అని అప్పుడు తీసిన ఎక్స్‌రేలో తెలిసింది. తుంటిలో గిన్నెలాంటి గుంటకీ, అందులో తిరిగే తొడ ఎముక బంతికీ మధ్య ఉండాల్సిన సందు పైభాగంలో అసలు లేదు.

ఆయన ఆపరేషన్ చేసేద్దామన్నారు. ఇంకో చోట చూపిస్తే "అరవై దాటనివ్వండి, ఇప్పుడే వేస్తే మళ్ళీ మార్చాల్సి వస్తుంది" అన్నారు. అక్క పీఆర్పీ (సొంత రక్తం నుంచి తీసి కీలులోకి ఎక్కించే) ఇంజెక్షన్ అంటోంది, మామయ్య కేరళ వైద్యం అంటున్నాడు. అమ్మను అడిగితే "నాకేం నొప్పి లేదురా" అంటుంది. కానీ ఆమె కాలి గోళ్ళు నేనే తీస్తున్నాను. ఆటో ఎక్కేటప్పుడు కుడికాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటోంది. ఏం చేయమంటారు?

తార్నాక_రైడర్:
చేయించెయ్ తమ్ముడూ. నాకు 44కే రెండు వైపులా పోయాయి. భయపడి రెండేళ్ళు ఆగాను, ఆ రెండేళ్ళూ కుంటి కుంటి నడుము కూడా పాడు చేసుకున్నాను. ఆపరేషన్ మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. కోత నొప్పి ఉంటుంది, లేదనను. కానీ గజ్జలో పంటి పోటులా ఉండేదే, ఆ పాత నొప్పి మత్తు దిగేసరికి లేదు. మూడో నెలలో బండి తీశా. ఇంక ఆగి ఏం సాధిస్తారు?

సైనిక్‌పురి_తాతయ్య:
రైడర్ గారూ, 44కే రెండు వైపులా అంటున్నారు. మీది అరుగుదలా, ఏవీఎన్‌నా?

తార్నాక_రైడర్:
ఏవీఎన్ సార్. కోవిడ్‌లో స్టెరాయిడ్లు బాగా వాడారు.

సైనిక్‌పురి_తాతయ్య:
నా అనుమానమూ అదే. ఏవీఎన్ అంటే రక్తం అందక బంతి ఎముక చచ్చిపోయి కుంగడం, అది వేరు, ఏళ్ళ తరబడి గుజ్జు అరగడం వేరు. ఏవీఎన్ కుంగక ముందు దొరికితే ఎముకకు రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఒకటి ఉంది, కుంగాక మార్పిడే దిక్కు. అక్కడ ఆలస్యం ముంచుతుంది. అరుగుదలలో అంత తొందర అక్కర్లేదు.

నాకు 58లో బయటపడింది, 66లో చేయించుకున్నాను. ఆ ఎనిమిదేళ్ళూ ఊరికే కూర్చోలేదు. ఆరు కిలోలు తగ్గాను, ఇంట్లో పాత టాయిలెట్ తీయించి కమోడ్ పెట్టించాను, కింద కూర్చుని తినడం మానేశాను. 2019లో లాన్సెట్ పత్రికలో ఒక లెక్క వచ్చింది. మార్చిన తుంటి కీళ్ళలో 25 ఏళ్ళు నిలిచేవి నూటికి 58 దాకా. అంటే మిగతా 42?

తార్నాక_రైడర్:
56కు 25 కలిపితే 81 సార్! ఆ 58 శాతం కూడా కృత్రిమ గిన్నెలో పాతికేళ్ళ కిందటి ప్లాస్టిక్‌తో వేసినవి. ఇప్పటి ప్లాస్టిక్ అంత తొందరగా అరగదు.

సైనిక్‌పురి_తాతయ్య:
2010లో లోహం మీద లోహం రాసుకునే ఒక రకం తుంటి కీళ్ళను ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు బాబూ. వాటినీ కొత్త రకమనే వేశారు. అయినా వయసు తగ్గేకొద్దీ రెండోసారి మార్చే అవకాశం పెరుగుతుంది, ఆ రెండోది మొదటిదానికంటే కష్టం. ఈ మాట ఏ సర్జన్ కాదంటాడు?

అంబర్‌పేట_నాని:
మా ఊళ్ళో పసరు కట్టు కడతారు, నలభై రోజుల్లో లేచి తిరిగారు. ఆపరేషన్ అంటే మళ్ళీ కింద కూర్చోవద్దంటారట.

ఫిజియో_పద్మారావునగర్:
నాని గారూ, తుంటి కీలు మందపాటి కండల కింద ఎక్కడో లోపల ఉంటుంది, పసరు అక్కడిదాకా దిగదు. కట్టుతో పాటు పొట్లాల మందు ఇస్తే మాత్రం జాగ్రత్త, కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. రైడర్ గారి కథ అక్కడే మొదలైంది కదా.

తాతయ్య గారూ, మీరు ఆగగలిగారంటే ఆ నొప్పి ఆగనిచ్చింది. ఈవిడ ఎక్స్‌రేలో సందే లేదు, గోళ్ళు తీసుకోలేకపోతోంది. ఈ దశలో వ్యాయామం ఎంతవరకు లాగుతుందో 2024లో డెన్మార్క్ వాళ్ళు చూశారు. తుంటి బాగా అరిగిన, 50 దాటిన 109 మందిలో కొందరికి మార్పిడి చేశారు, కొందరితో బరువులు ఎత్తించారు. ఆరు నెలలకు మార్పిడి వాళ్ళే చాలా ముందున్నారు. నెల ఫీజు వ్యాయామం మీదే తీసుకునేదాన్ని, నేనే చెబుతున్నా. అయితే బరువుల వాళ్ళలో ఎక్కువమంది ఆ ఆరు నెలలూ ఆపరేషన్ లేకుండానే నెట్టుకొచ్చారు. అదీ నిజమే. కాబట్టి వయసు పక్కన పెట్టి ఆవిడ రాత్రి నొప్పికి నిద్ర లేస్తోందా, ఎంత దూరం ఆగకుండా నడుస్తోందో చూడండి. మరీ బిగుసుకుపోయాక చేస్తే కోలుకోవడమూ ఆ మేరకే ఉంటుంది.

ఈలోపు చేతికర్ర. కుడి తుంటి నొప్పి కాబట్టి ఎడమచేత్తో పట్టుకోవాలి. అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, సినిమాల్లో కూడా! ఒంటికాలి మీద నిలబడిన క్షణంలో తుంటి మీద పడేది ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్లు. నడుము పక్కకు ఒరగకుండా పిరుదు కండ లాగే బలం కూడా కీలు మీదే పడుతుంది మరి. ఎదుటి చేతిలో కర్ర ఉంటే ఆ కండకు పని తగ్గుతుంది.

మెడికల్‌షాప్_రాంనగర్:
పీఆర్పీకి, కీళ్ళకని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలకి తుంటి విషయంలో గట్టి ఆధారం లేదు, డబ్బు దండగ. స్టెరాయిడ్ ఇంజెక్షన్ స్కానింగ్‌లో చూస్తూ కీలులోకి ఇస్తే కొన్ని వారాలో నెలలో హాయిగా ఉంటుంది. కానీ అది చేయించాక మూడు నెలలదాకా ఆపరేషన్ పెట్టుకోరు, ఇన్ఫెక్షన్ భయం. తేదీ అనుకుంటే ముందే సర్జన్‌కి చెప్పండి.

అసలు విషయం, అమ్మ ఏ మాత్రలు వేసుకుంటోంది? "నొప్పి లేదు" అనేవాళ్ళే మా కౌంటర్ దగ్గర ఎక్కువ కొంటారు.

మౌలాలి_గృహిణి:
ఖర్చు గురించి ఒక్క ముక్క. కేంద్రం 2017 ఆగస్టులో కీళ్ళ ధర తగ్గించిందని మా ఇంట్లోనూ ధీమాగా ఉన్నాం. ఆ ఉత్తర్వు మోకాలికి మాత్రమే. ప్యాకేజీలో ఇంప్లాంట్ ఉందో లేదో, ఏ రకమో కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ముందు ఆరోగ్యమిత్రను అడగండి. నిమ్స్‌లో కూడా చూపించి రండి.

కర్రీపాయింట్_కొడుకు:
రాంనగర్ అన్నా, నువ్వన్నట్టే అయింది. బియ్యం డబ్బా వెనక డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల ఖాళీ స్ట్రిప్పులు పద్నాలుగు దొరికాయి. బీపీ మాత్రలతో కలిపి రోజుకు రెండు వేసుకుంటోందట. రేపు కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే క్రియాటినిన్ పరీక్షకు తీసుకెళ్తున్నా. రాత్రి మూడింటికి లేచి సోఫాలో కూర్చుంటోందని ఇప్పుడు నాన్న చెబుతున్నాడు.

ఎందుకు దాచావమ్మా అంటే, "నేను మంచం ఎక్కితే దుకాణం ఎవరు చూస్తారు" అంది. అసలు భయం కీలు గురించి కాదన్నమాట. చేయించుకుంటానని మాత్రం ఒప్పుకుంది, పండగ ఆర్డర్లు అయ్యాక. షట్టర్ మీద సెలవు బోర్డు ఎన్నాళ్ళకని రాయాలి? ఆరు వారాలా, మూడు నెలలా?

సైనిక్‌పురి_తాతయ్య:
రోజుకు రెండు డైక్లోఫెనాక్, అదీ బీపీతోనా! అలాగైతే ఆగమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కిడ్నీలు ఖర్చు పెట్టి కీలు కాపాడుకోవడం ఏం లెక్క?

ఫిజియో_పద్మారావునగర్:
నిలబడి చేసే పని కాబట్టి మూడు నెలలని రాయండి. సాంబారు గిన్నెలు దించడానికి మనిషిని మాత్రం ఈ వారమే పెట్టండి.