డిజైన్ స్టూడియోలో వీల్‌చైర్‌కు అనువైన మార్పులు

ప్రశ్న: మా డిజైన్ కాలేజీలో ఈ ఏడాది వీల్‌చైర్ వాడే అమ్మాయి చేరుతోంది. స్టూడియో గుమ్మం దగ్గర 15 సెం.మీ. మెట్టుంది, డ్రాయింగ్ బల్లలు బాగా ఎత్తు. ముందు ఏం మార్చాలండీ?

జవాబు: ముందు ర్యాంపు. వాలు 1:12, అంటే ఒక సెం.మీ. ఎత్తుకు 12 సెం.మీ. చొప్పున మీ మెట్టుకు 180 సెం.మీ. పొడవు. చోటు లేదని కురచగా కడితే ప్రతిసారీ ఎవరో ఒకరు తోయాల్సిందే. పైన తలుపు ముందు 150 సెం.మీ. చదరం సమతలంగా వదలండి. లేదంటే తలుపు తీసేటప్పుడు కుర్చీ వెనక్కి జారుతుంది. తలుపు తెరిచాక 90 సెం.మీ. దారి ఉండాలి.

మరో జవాబు: బల్ల ఎత్తు 75–80 సెం.మీ., కింద మోకాళ్లకు కనీసం 70 సెం.మీ. ఎత్తున ఖాళీ. అందరూ మరిచేది కింది అడ్డకర్ర. కుర్చీ పాదాల పలక దానికే తగులుతుంది. అది తీసేసి, బల్ల ఊగకుండా మూలల్లో ఇనుప బ్రాకెట్లు బిగించండి. దయచేసి ఆ బల్లను తలుపు పక్కన ఒంటరిగా వేయకండి, అందరి మధ్యే వేయండి.

ప్రశ్న అడిగినవారు: స్కేళ్లు, కటింగ్ మ్యాట్లు పై అరలో ఉన్నాయి.

జవాబు: నేల నుంచి 40–120 సెం.మీ. ఎత్తు మధ్యకు దించండి. కొలతలు ఖాయం చేసేముందు ఆమెనే కూర్చోబెట్టి చూడండి.