విశాఖలో చెమట, లంబసింగిలో వణుకు: ఎందుకింత తేడా?

ప్రశ్న: డిసెంబర్‌లో కూడా విశాఖ బీచ్‌లో రాత్రిపూట స్వెటర్ అక్కర్లేదు, కొన్ని గంటల ప్రయాణం చేసి లంబసింగి వెళ్తే తెల్లారేసరికి పళ్లు టకటకలాడతాయి. కారణం ఎత్తేనా?

జవాబు 1: ఎత్తు కొంతే. లంబసింగి సుమారు 1,000 మీటర్లు, ఆ ఎత్తుకు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. మిగతాది మబ్బు లేని రాత్రి పని: నేల వేడి వదిలేస్తుంది, కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడే తిష్ఠ వేస్తుంది.

జవాబు 2: సముద్రాన్ని మర్చిపోయారు గురూ. నీళ్లు త్వరగా చల్లారవు కదా, విశాఖ రాత్రులు వెచ్చగా ఉండేది అందుకే. బంగాళాఖాతంలో వాయుగుండం పడి మబ్బులు కమ్మితే లంబసింగిలోనూ చలి తగ్గుతుంది, అప్పుడెళ్లి తిట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు: మరి లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద కాళ్ల కింద మేఘాలు కనిపించేది ఎందుకు?

జవాబు 1: అదే లెక్క. లోయలో చిక్కుకున్న చల్లగాలిలోని తేమ పొగమంచవుతుంది, మీరు దానికి పైన కొండ మీద ఉంటారు. ఎండెక్కితే మాయం, తెల్లారకముందే ఎక్కండి.