అప్‌డేట్: లేపాక్షి నంది ఫొటోలో చిన్నగా కనిపించే సమస్య తీరింది

సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిలా నంది నా ఫోన్ ఫొటోల్లో బొమ్మంత ఎందుకుంటోందని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయమన్న సలహా. దగ్గర నుంచి వైడ్ లెన్స్‌లో తీస్తే మూతి ఉబ్బిపోయి, వెనక భాగం కుంచించుకుపోయేది. ఇప్పుడు ఒంటి తీరు కంటికి కనిపించినట్టే ఉంది, మెడలో చెక్కిన గంటలు కూడా స్పష్టంగా పడ్డాయి. మా అత్తయ్యను నంది పక్కనే, కెమెరాకి నంది ఉన్నంత దూరంలోనే నిలబెట్టాక చూడగానే సైజు తెలిసిపోతోంది. కెమెరా కిందికి దించితే నంది తల ఆకాశంలోకి లేచింది, ఎంత బాగుందో! నంది చూస్తున్న వైపు ఖాళీ వదలమన్నవారికి ప్రత్యేకంగా థాంక్స్, ఫొటోకి ప్రాణం వచ్చింది అక్కడే.

కెమెరా స్క్రీన్ మీద వచ్చే గ్రిడ్ లైన్లతో, ఎడిటింగ్‌తో ఈ సమస్యకు సంబంధం లేదు. కొత్త ఫోన్ కూడా అక్కర్లేదు.