సమస్య: ‘గెలుపె యెఱిఁగిన వీరుని గెలిచె దొంగ’

కవిమిత్రులారా, ఈ వారం తేటగీతి పాదం. సందర్భం వెల్లింగ్టన్ ప్రభువు చిత్తరువు. ఐర్లాండ్‌లో పుట్టి, వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించి, 1828లో బ్రిటన్ ప్రధాని అయిన సేనాని. 1812లో స్పెయిన్‌లో అక్కడి చిత్రకారుడు గోయా వేసిన ఆ పటం 1961 ఆగస్టులో లండన్ నేషనల్ గ్యాలరీ నుంచి మాయమైంది, గోడకెక్కి మూడు వారాలైనా కాకముందే.

మొదటి పూరణ:
గోయ కుంచెతోఁ గూర్చిన గొప్ప బొమ్మ
లండనున గోడపై నుండ లజ్జ లేక
చట్రముం గూడ విడువక చంకఁ బెట్టె
గెలుపె యెఱిఁగిన వీరుని గెలిచె దొంగ.

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘చట్రముం గూడ’ మరీ బాగుంది. 1965లో నేరం ఒప్పుకొని లొంగిపోయిన మాజీ బస్సు డ్రైవరు కెంప్టన్ బంటన్‌కు శిక్ష పడింది చట్రం దొంగతనానికే. పటం విషయంలో నిర్దోషి అన్నారు. పటం దొరికింది, చట్రం దొరకలేదు. ‘లజ్జ లేక’ మాత్రం నాకు నచ్చలేదు. పటం ఖరీదైన 1,40,000 పౌండ్లతో ముసలివాళ్ళకు టీవీ లైసెన్సులు (బ్రిటన్‌లో టీవీ చూడటానికి కట్టే రుసుము) కట్టించాలని అడిగిన మనిషి మీద ఆ మాట అన్యాయం. ‘లాఘవమున’ అనండి, యతికీ సరిపోతుంది.

రెండవ పూరణ:
కత్తి విడిచి ప్రధానియై కతొలికులకు
సభకుఁ దలుపులు దెఱచిన చతురుఁ డితఁడు
పటముగా మారి చిక్కెను దొంగ చేత
గెలుపె యెఱిఁగిన వీరుని గెలిచె దొంగ.

నిర్వాహకుడు: కతొలికులను పార్లమెంటులోకి రానిచ్చిన 1829 చట్టాన్ని పద్యంలోకి తెచ్చినందుకు అభినందనలు. మూడవ పాదంలో యతి తప్పింది, పైగా ‘దొంగ’ రెండుసార్లు వచ్చింది. ‘పరుల చేత’ అంటే రెండు దోషాలూ పోతాయి.

మూడవ పూరణ:
రొమ్ముపైఁ బతకంబులు రొదలు సేయ
కన్నులం దాగు నలసట కాంచి గోయ
కుంచె మొనతోడ మెల్లగఁ గొల్లగొట్టె
గెలుపె యెఱిఁగిన వీరుని గెలిచె దొంగ.

నిర్వాహకుడు: అద్భుతం! చిత్రకారుణ్ణే దొంగను చేశారు. మిగతా రెండూ పటం కథ చెప్పాయి. ఇది పటాన్ని చూసింది.

ఒక సభ్యుడు: పద్యం గొప్పగా ఉంది. కానీ ‘గెలుపె యెఱిఁగిన’ ఎలా కుదురుతుందండీ? పటం వేసిన 1812లోనే వెల్లింగ్టన్ స్పెయిన్‌లోని బుర్గోస్ కోటను పట్టలేక వెనుదిరిగాడు కదా?

మూడవ పూరణ కవి: బుర్గోస్ వదిలింది అక్టోబరులో. గోయా ముందు కూర్చున్నది ఆగస్టులో, సాలమాంకా యుద్ధం గెలిచి మాడ్రిడ్‌లో అడుగుపెట్టాక. అంత గెలుపులోనూ ఆ కళ్ళు అలాగే ఉన్నాయి. తర్వాత వచ్చిన పతకాల కోసం 1814లో గోయా రొమ్ము భాగం మళ్ళీ దిద్దాడు. ‘రొదలు సేయ’ అన్నది అందుకే.