అప్‌డేట్: వైస్ నుంచి తీయగానే వంగిపోతున్న అల్యూమినియం ప్లేటు – కారణం తేలింది

6061-టి6 (వేడిచేసి గట్టిపరచిన అల్యూమినియం మిశ్రలోహం) ప్లేటుకు ఒకవైపు 3 మి.మీ. మిల్లింగ్ చేసి (తిరిగే కట్టర్‌తో కోసి), దాన్ని పట్టి ఉంచిన బిగింపు పరికరం అయిన వైస్ వదులు చేయగానే అది వంగిపోతోందని, మిల్లింగ్ చేసిన ముఖం పైకి ఉంచి సర్ఫేస్ ప్లేటు (కచ్చితమైన సమతల బల్ల) మీద పెడితే చివరల కింద 0.4 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరుతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

లోపం ప్లేటులోనే ఉందని హీట్ ట్రీట్‌మెంట్ ఇంజనీరు ఒకరు తేల్చారు. సుమారు 530 డిగ్రీల సెల్సియస్ నుంచి నీటిలో ముంచినప్పుడు (క్వెంచింగ్) పైపొర ముందుగా చల్లబడి బిగుసుకుంటుంది. తర్వాత చల్లబడే లోపలి భాగం కుంచించుకోబోతే ఆ పొర అడ్డుపడుతుంది కాబట్టి, లోపల తన్యత (లాగే బలం), ఉపరితలంలో సంపీడనం (నొక్కే బలం) మిగిలిపోయి ఒకదానినొకటి సరితూగుతుంటాయి. ఒకవైపు సంపీడన పొరను కోసేస్తే ఆ తూకం చెడి, కోసిన ముఖం లోపలికి వంగుతుంది. టి6కు చేసే ఏజింగ్ (గట్టిపడడానికి తక్కువ వేడిలో కొంతసేపు ఉంచడం) ఇలా లోపల మిగిలిన ప్రతిబలాలను పెద్దగా తగ్గించదు; అంతకంటే ఎక్కువగా వేడిచేస్తే బలమే పోతుంది.

పనికొచ్చిన సలహా టి651 రకం ప్లేటు కొనమన్నదే. క్వెంచింగ్ తర్వాత దాన్ని 1.5 నుంచి 3 శాతం శాశ్వతంగా సాగదీస్తారు కాబట్టి ఆ మిగిలిపోయిన (అవశేష) ప్రతిబలాలు చాలావరకు తగ్గిపోతాయి. దానితోపాటు రెండు ముఖాలనూ మార్చిమార్చి రఫ్ కట్ (ముతక కోత) చేసి, బిగింపు వదిలి, మళ్లీ తేలికగా పట్టి ఫినిష్ కట్ (చివరి సన్నని కోత) తీశాము. ఇప్పుడు 0.05 మి.మీ. ఫీలర్ కూడా దూరడం లేదు. కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) మార్చడం, స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) లంబాన్ని సరిచూడడం ఈ సమస్యకు సంబంధించినవి కావు. వైస్‌ను ఇంకా బిగించడం వల్ల వంపు తాత్కాలికంగా కనబడకుండా పోయింది, అంతే.