యాసంగి వడ్లు పచ్చి బియ్యానికి పనికిరావా? ఉప్పుడు మిల్లులే దిక్కా?

కల్లంకాడ:
తెలంగాణల యాసంగి (రబీ) వడ్ల కొనుగోళ్లు మొదలైతే చాలు, అదే పంచాయితీ. రా రైస్ (పచ్చి బియ్యం) పట్టిస్తే అంతా నూకే, బాయిల్డే (ఉప్పుడు బియ్యమే) పట్టాలె అని మిల్లర్లు. బాయిల్డ్ మాకొద్దు అని 2021ల కేంద్రం. 2022 ఏప్రిల్‌ల అప్పటి రాష్ట్ర సర్కారోళ్లు ఢిల్లీ దాకా పోయి ధర్నా చేసినా తెగలే. ఇప్పుడు 2025 ఉగాది నుంచి రేషన్‌ల సన్న బియ్యం ఇస్తున్నరు, అది పచ్చి బియ్యమే. మరి యాసంగి సన్నాలు ఎట్ల పట్టాలె? నన్నడిగితే నూక అనేది మిల్లర్ల సాకు. ఊక తీసే రబ్బరు రోళ్లు అరిగినా మార్చరు, పాలిష్ మీద పాలిష్ కొడతరు, తప్పు ఎండ మీద పెడతరు. కాదనేటోళ్లు లెక్కతోని చెప్పుండ్రి.

బాయిలర్ మామ:
రోళ్ల మాట సగం నిజం. సందు సరిగ్గా పెడితే ఒక విడతలో 85, 90 శాతం ఊక ఊడితే చాలు. మిగిలిన వడ్లు సెపరేటర్ నుంచి మళ్లీ రోళ్లకే వస్తాయి. అంతా ఒకేసారి ఊడాలని బిగించే మిల్లుల్లో నూక పెరిగే మాట వాస్తవమే.

కానీ ఒక పని చేయండి. యాసంగి వడ్లు గుప్పెడు తీసుకుని చేత్తోనే ఊక వలవండి. గింజల్ని గాజు పలక మీద పోసి కింద నుంచి లైటు వేయండి. గింజకు అడ్డంగా వెంట్రుకంత గీతలు కనిపిస్తాయి, ఒక్కో గింజకు రెండు మూడు కూడా. అవి మరలో పడ్డవి కావు కదా? అప్పటికే పగిలిన గింజను కొత్త రోలు మాత్రం ఏం కాపాడుతుంది?

ఇక లెక్క. సీఎంఆర్ (సర్కారు వడ్లు మర ఆడించి తిరిగి అప్పగించే బియ్యం) కింద క్వింటా వడ్లకు 67 కిలోల రా రైస్ ఇవ్వాలి, అందులో నూక 25 శాతం దాటకూడదు. నిండు గింజ 40 కిలోలే వచ్చిందనుకోండి. దానికి తగ్గ నూక కలిపినా 53 కిలోల దగ్గర ఆగిపోతుంది. మిగతా పద్నాలుగు కిలోలు ఎవరు పెట్టాలి? బాయిల్డ్‌లో 68 కిలోలు ఇవ్వాలి, నూక 16 శాతమే ఉండాలి, అయినా గట్టెక్కుతుంది. ఆవిరికి గింజలోని పిండి ఉడికి, జిగురై, పగులును అతికేస్తుంది గనక. మర ఆడించినందుకు కేంద్రం ఇచ్చేది రా రైస్‌కు క్వింటాకు 10 రూపాయలు, బాయిల్డ్‌కు 20. మిల్లు బతికేది తవుడు, నూక, ఊకల మీద.

దాళ్వా:
మా గోదావరి జిల్లాల్లో దాళ్వాకి (మా యాసంగి పంటకి) బొండాలు అనే లావు రకాలు వేస్తారండి, అవి ఉప్పుడు బియ్యమై కేరళ వెళ్తాయి. సరుకు ఎక్కడ తింటారో తెలిసే నాటుతున్నారు. మీ దగ్గర అది తేలకుండా మిల్లులు కట్టేశారు, గొడవంతా అక్కడేనండి.

అలాగని ఉప్పుడు మిల్లు అంటే వడ్లు ఉడకేసి ఆరేయడం కాదు. 65, 70 డిగ్రీల నీళ్లలో ఐదారు గంటలు నానాలి. చన్నీళ్లలో రెండు రోజులు వదిలేస్తే పులుస్తుంది, ఆ కంపు కంచంలో అన్నం దాకా వస్తుంది. ఆవిరి చాలకపోతే గింజ నడుమ తెల్లపొట్ట మిగులుతుంది, మరలో సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఎక్కువైతే గింజ విచ్చుకుని రంగు తిరుగుతుంది. ఆపైన తేమ 30, 35 శాతం నుంచి 14కి దించాలి. ఒక్క ఊపున దించారా, మళ్లీ పగుళ్లే. 18 దగ్గర ఆపి, నిల్వ బిన్నులో కొన్ని గంటలు అలాగే ఉంచి, అప్పుడు రెండో విడత వేడి పెట్టాలండి. టన్ను వడ్లు నానడానికి టన్నుకు పైనే నీళ్లు కావాలి. ఆ పులిసిన నీళ్లు శుద్ధి చేయకుండా కాలవలోకి వదిలితే ఊరంతా తిట్టిపోస్తుంది.

తవుడు లెక్క:
బియ్యం దగ్గరే ఆగిపోతున్నారు. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. క్వింటా వడ్లకు ఏడెనిమిది కిలోల తవుడు వస్తుంది. పచ్చి తవుడులో నూనె 15 శాతం అటూ ఇటూ, ఉప్పుడు తవుడులో 20 దాటుతుంది. పచ్చి తవుడుకు ఇంకో రోగం ఉంది: మర నుంచి బయటపడ్డ గంటల్లోనే అందులోని ఎంజైము నూనెను విరగ్గొట్టి ఆమ్లంగా మార్చడం మొదలుపెడుతుంది. ఆమ్లం 10 శాతం దాటిందా, రిఫైనరీ వాళ్లు మొహం తిప్పుకుంటారు, సరుకు సబ్బుల వైపు పోతుంది. ఉప్పుడు తవుడులో ఆ ఎంజైము ఆవిరికే చస్తుంది. అందుకే తవుడు నుంచి నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్లకు ఉప్పుడు మిల్లంటే ప్రీతి.

బాయిల్డ్ వద్దు అన్నప్పుడు ఈ నూనె లెక్క ఎవరైనా వేశారా? 2023 జూలైలో నూనె తీసిన తవుడు ఎగుమతి ఆపేశారు. దాణా చవకవ్వాలని ఆపితే, నూనె తీయగా మిగిలిన పిండి అమ్ముడుపోని ప్లాంట్లు తవుడు రేటు కోశాయి. ఆ దెబ్బ తిరిగి తిరిగి మిల్లుకే తగిలింది.

కల్లంకాడ:
పచ్చి తవుడును అక్కడికక్కడ 120 డిగ్రీల దాకా వేడి చేసే యంత్రాలు ఉన్నయి కదన్నా. నూనె కోసం బియ్యమే మార్చాల్నా?

తవుడు లెక్క:
ఉన్నాయి. చిన్న మిల్లు కొనదు, ఎందుకంటే ప్లాంటు వాడు మంచి తవుడుకూ చెడ్డ తవుడుకూ ఒకే రేటు కడతాడు. ఆమ్లం చూసి రేటు కట్టే చోట ఆ యంత్రం తనంతట తనే వస్తుంది.

రేవు కబురు:
కేంద్రం కొనకపోతే ఉప్పుడు బియ్యానికి బతుకు లేదనుకోవద్దు. బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు పోయేది ఎక్కువగా అదే. అయితే 2023 ఆగస్టులో దాని ఎగుమతి మీద 20 శాతం సుంకం వేశారు, 2024 అక్టోబరుకు పూర్తిగా తీసేశారు. రేవు తలుపు ఇలా తెరుస్తూ మూస్తూ ఉంటే విదేశీ కొనుగోలుదారు థాయిలాండ్ వైపు చూడడా? ఇటు పచ్చి బియ్యానికీ దారి ఉంది. 2025 మార్చి ఆఖర్లో కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు ఓడెక్కింది తెలంగాణ ఎంటీయూ 1010 రకం పచ్చి బియ్యమే.

తేమ మీటరు:
ఉప్పుడా పచ్చా అని కొట్టుకుంటున్నారు గానీ, బాయిలర్ మామ గాజు పలక మీద చూపించిన గీతలు ఎక్కడ పడ్డాయో ఎవరూ అడగలేదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉండాలి. హార్వెస్టర్ కోసేటప్పటికి 20 నుంచి 24 ఉంటుంది. దాంతో రోడ్డు మీద, కల్లంలో, 42 డిగ్రీల ఎండలో నాలుగైదు రోజులు. కుప్ప పైపొర 11కి దిగిపోతుంది, అడుగున ఇంకా 19. రాత్రి పైపొర గాలిలో తేమ తాగుతుంది, లేదా ఓ జల్లు పడుతుంది. ఎండిపోయిన గింజ తేమను పీల్చినప్పుడే పగులుతుంది. ఎండ ఒక్కటే కాదు, ఎండా తేమా మార్చి మార్చి తగలడం. మీటరులో సగటు 16 చూపిస్తుంది, అందరూ సంతోషం. గింజ అప్పటికే పోయింది.

22 దగ్గర కోసి నేరుగా డ్రయ్యర్‌కు పంపితే పచ్చి బియ్యంలోనూ నూక బాగా తగ్గుతుంది. ఉప్పుడు మిల్లుల్లో డ్రయ్యర్లు ఉన్నవే. గాలి వేడి 45 లోపు ఉంచి, గంటకు ఒక శాతానికి మించకుండా దించాలి. నవంబరు మొదట్లోనే నారు పోస్తే 120 రోజుల రకం మార్చిలో చేతికొస్తుంది, పెద్ద ఎండలు తప్పుతాయి. కాకపోతే డిసెంబరు చలికి నారు ఎర్రబడి గిడసబారుతుంది. రాత్రి పూట పట్టా కప్పాలి, జింకు పిచికారీ చేయాలి.

బాయిలర్ మామ:
ఒప్పుకుంటా. మరి తూకం సంగతి? 22 తేమ ఉన్న క్వింటా 17కి దిగితే 94 కిలోలే. ఆ ఆరు కిలోలు ఎవరి ఖాతాలో రాయాలి? డ్రయ్యర్‌లో కాల్చే ఊక, కరెంటు, హమాలీ ఎవరిస్తారు?

కల్లంకాడ:
రోడ్డు మీద ఎండబోసినా ఆ ఆరు కిలోలు పోయేటియే కదా మామా! పైకెళ్లి కూలీ, టార్పాలిన్ కిరాయి, మళ్లీ మిల్లుకాడ బస్తాకు తరుగు. రోళ్ల మీద నేనన్న మాట వెనక్కి తీసుకుంట. గానీ తేమ ఎంతుంటే ఎన్ని కిలోలు కోతో, 18కి ఎంత, 20కి ఎంత, 22కి ఎంత, ఆ పట్టిక ముందుగాలనే కేంద్రంల బోర్డు మీద రాయాలె. డ్రయ్యర్ కిరాయి సర్కారు పెట్టుకోవాలె, బాయిల్డ్ కోసం కేంద్రంతోని కొట్లాడే ఖర్చు కన్నా తక్కువే అయితది.

బాయిలర్ మామ:
పట్టిక రాస్తే మిల్లరుకూ మంచిదే. ముందు మీటరు ఎవరు చేతబట్టాలో తేల్చండి. ఒకే బస్తాలో పైనుంచి తీస్తే 15, అడుగు నుంచి తీస్తే 19 చూపించే వడ్లకు పట్టికలో ఏ గడి చూసి లెక్క కట్టాలి?