అప్‌డేట్: కల్లం హత్య కేసు, మేం అనుమానించిన మనిషి

మొన్న అడిగాను కదా, మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో 2016లో మిర్చి కల్లం దగ్గర కాపలా పడుకున్న పెద్దాయన్ని ఎవరో చంపేశారు, కేసు తేలనే లేదు, మేం నలుగురం ఆన్‌లైన్‌లో కూడబెట్టిన ఆధారాలు పోలీసులకు ఇవ్వొచ్చా అని. ముందు లాయర్‌ని కలవమన్నారు. గుంటూరులో మా బాబాయ్ లాయరే, వెళ్లాను.

హత్య కేసుకి కాలదోషం లేదు, ఫైలు మూసేసినా కొత్త ఆధారం వస్తే మళ్లీ దర్యాప్తు చేయొచ్చు, పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 173(8), ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 193(9) అన్నాడు. మా ఫైలు తిరగేసి, "ఇందులో ఆధారం ఏదిరా, అంతా అనుమానమేగా" అని పక్కన పెట్టేశాడు.

అసలు దెబ్బ ఆదివారం తగిలింది. "ఆ రాత్రి ఊళ్లో ఎందుకు లేడు?" అని రెండు నెలలుగా మేం ఎవరి మీద పడ్డామో, ఆయన భార్య అమ్మమ్మ ఇంటికొచ్చి, మడతల దగ్గర చిరిగిపోయిన తక్‌పట్టీ (సరుకు అమ్మినప్పుడు ఇచ్చే లెక్కల చీటీ) అరుగు మీద పెట్టింది. గుంటూరు మిర్చి యార్డుది, హత్య మర్నాటి తేదీ, 38 టిక్కీలు (మిర్చి బస్తాలు). ఆ రాత్రంతా సరుకు దగ్గరే పడుకున్నాడట. "మావాడికొచ్చిన సంబంధం మీ రాతల వల్లే వెనక్కి పోయింది బాబూ" అంది. నాకు నోరు పెగల్లేదు.

పోస్టులన్నీ తీసేశాం, స్క్రీన్‌షాట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కల్లం పక్క బోరు మోటారు హత్య జరిగిన వారమే చోరీ పోయిందన్న సంగతి ఒక్కటి కాగితం మీద రాసి స్టేషన్‌లో ఇచ్చి, రశీదు తీసుకున్నాను.